హాల్లో ట్యాంకు, పక్క గదిలో నిద్ర: చప్పుడు తక్కువ చిల్లర్ ఎంచుకోవడం ఎలా?

ఎండాకాలంలో ఆక్వేరియం నీళ్లు చల్లగా ఉంచడానికి చిల్లర్ కొందామనుకునేవాళ్లు ఎక్కువగా రెండు అంకెల దగ్గరే ఆగిపోతారు. ఒకటి ధర, రెండోది డబ్బా మీద రాసిన డెసిబెల్. వాటికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: మీ చేపలకి నిజంగా ఎంత చల్లదనం కావాలి, మీ ట్యాంకులోకి గంటకు ఎంత వేడి చేరుతోంది, ఆ యంత్రాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టగలరు. మూడోదానికి సరైన జవాబు దొరికితే చప్పుడు గొడవ చాలావరకు తీరిపోతుంది. ఆ జవాబు దొరకని ఇంట్లో ఎంత ఖరీదైన చిల్లర్ పెట్టినా రాత్రిళ్లు చిరాకు తప్పదు.

మీ చేపకి ఎంత వేడి పడుతుంది?

డిస్కస్ పెంచేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. దానికి 28 నుంచి 30 డిగ్రీలు హాయి. బెట్టా, గౌరామి, ఏంజెల్, మోలీ లాంటివి కూడా కొన్నాళ్లు 30 దాటినా తట్టుకుంటాయి, నీళ్లలో ఆక్సిజన్ సరిగ్గా ఉంటే. అసలు చిక్కు అక్కడే ఉంది. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల నీళ్లలో 7.3 మాత్రమే. అదే సమయంలో చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. మే నెలలో తెల్లవారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. చేపలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఇలాంటి ట్యాంకులకి ముందు ఒక మంచి ఎయిర్ పంపు కావాలి. చిల్లర్ మాట తర్వాత.

చిల్లర్ గురించి నిజంగా ఆలోచించాల్సిన వాళ్లు వేరే. గోల్డ్‌ఫిష్‌కి 18 నుంచి 24 డిగ్రీలు బాగుంటుంది. మన దగ్గర అవి వేసవిలో బతుకుతాయి గానీ సుఖంగా ఉండవు. నియాన్ టెట్రాకి 26 దాటకపోతే మంచిది. క్రిస్టల్ రెడ్ రొయ్యలకి 20–24 కావాలి, చెర్రీ రొయ్యలు 28 దాకా సర్దుకుంటాయి. పగడాలున్న సముద్రపు ట్యాంకు 24–27 మధ్య ఉండాలి. 30 దగ్గర కొన్ని రోజులుంటే పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. ఆక్సలాటిల్ (నీళ్లలోనే బతికే ఒక ఉభయచరం) తెచ్చుకున్నవాళ్లకైతే 16–18 కావాలి కాబట్టి ఏడాది పొడవునా చిల్లర్ తప్పదు.

ఇంకో మాట. 27 సరిపోయే ట్యాంకుని 24కి దించాలని పట్టు పట్టకండి. గది 34 ఉన్నప్పుడు నీళ్లు 28 దగ్గర ఆపితే తేడా 6 డిగ్రీలు, 26 దగ్గర ఆపితే 8. గది నుంచి ట్యాంకులోకి వచ్చే వేడి ఆ తేడాని బట్టే ఉంటుంది. రెండు డిగ్రీలు సర్దుకుంటే ఆ వేడిలో పావు వంతు తగ్గినట్టే, యంత్రం ఆడే సమయమూ ఆ మేరకు తగ్గుతుంది. చప్పుడు తగ్గించడానికి పైసా ఖర్చు లేని దారి ఇది.

ఎంత వేడి చేరుతోందో మీరే కొలవండి

పెట్టెల మీద ‘300 లీటర్ల వరకు’ అని రాసి ఉంటుంది. ఆ అంకె గది ఎంత వేడిగా ఉందనుకుని రాశారో, ఎన్ని డిగ్రీలు దించాలనుకుని రాశారో దాన్ని బట్టి ఉంటుంది. చల్లని దేశంలో, 27 డిగ్రీల గదిలో 300 లీటర్లని చల్లబరిచే యంత్రం విజయవాడలో పైఅంతస్తు ఫ్లాట్‌లో చేతులెత్తేస్తుంది. అందుకే సొంత కొలత మంచిది.

రాత్రి ఏసీ వేసిన గదిలో ట్యాంకు ఉంటే పొద్దున్నకి నీళ్లు చల్లబడి ఉంటాయి. ఏసీ ఆపేసి, లైట్లు, ఫిల్టర్ మామూలుగా నడవనిచ్చి, మధ్యాహ్నం బాగా ఎండ ముదిరిన వేళ గంటకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో థర్మామీటర్‌తో చూడండి. మీరు నిలపాలనుకున్న డిగ్రీకి దగ్గర్లో ఉన్నప్పటి లెక్క తీసుకోవాలి. ఆ తర్వాత గుణకారం ఒకటే:

లీటర్లు × గంటకు పెరిగిన డిగ్రీలు × 1.16 = వాట్లు

200 లీటర్ల ట్యాంకు గంటకు అర డిగ్రీ పెరుగుతుంటే 116 వాట్లు. అంటే ఆ వేళలో మీ చిల్లర్ కనీసం అంత వేడిని బయటికి తోడాలి. దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు సామర్థ్యం ఉన్నది తీసుకుంటే మధ్య మధ్య ఆగుతూ నడుస్తుంది. సరిగ్గా సరిపోయేది తీసుకుంటే రాత్రంతా ఆగదు. మరీ పెద్దది తీసుకున్నా తంటానే, రెండు నిమిషాలు ఆడి ఆగి మళ్లీ మొదలవుతుంది. మనిషి నిద్ర చెడగొట్టేది ఒకే తీరున వినిపించే చప్పుడు కంటే ఈ మొదలవడమే.

షాపులో చిల్లర్లని 1/10, 1/6, 1/4 హెచ్‌పీ అని చెబుతారు. అది కంప్రెసర్ పరిమాణం. మీరు అడగాల్సింది కూలింగ్ కెపాసిటీ, వాట్లలో గానీ బీటీయూల్లో గానీ (గంటకు 3.4 బీటీయూలు అంటే ఒక వాట్). ‘ఇది 150 వాట్లు’ అని షాపతను అన్నది తినే కరెంటు గురించా, తీసే వేడి గురించా అని కూడా అడగండి. ఆ రెండూ వేరువేరు అంకెలు.

డెసిబెల్ అంకె చెప్పనిది

మన దేశంలో నివాస ప్రాంతాల్లో రాత్రిపూట బయటి శబ్దానికి పెట్టిన పరిమితి 45 డెసిబెల్. కాబట్టి ‘కేవలం 45 డెసిబెల్’ అన్న ప్రకటన పడకగది విషయంలో పెద్ద ఊరట కాదు. పది డెసిబెల్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. మీటరు దూరంలో కొలిచారా, రెండు మీటర్లా అన్నది రాయకపోతే ఆ అంకెని పక్కన పెట్టేయొచ్చు.

ఇంకో సంగతి ఉంది. శబ్దం కొలిచే పరికరాలు సాధారణంగా సన్నటి, మధ్యస్థమైన శబ్దాలకే ఎక్కువ విలువిస్తాయి. తక్కువ హెర్ట్జ్ ఉన్న బొంగురు శబ్దాన్ని తగ్గించి లెక్కిస్తాయి. 100 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 19 డెసిబెల్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు కంప్రెసర్ గుంయ్‌మనే మోత సరిగ్గా ఆ 50, 100 ప్రాంతంలోనే ఉంటుంది. గోడలూ, నేలా, మంచమూ దాటి వచ్చేది ఆ మోతే. కాగితం మీద 40 ఉన్న యంత్రం పక్క గదిలో దిండు మీద తల పెట్టగానే వినిపించడానికి కారణం అదే. అందుకే అంకె చూడటం కంటే షాపులో నడిపించి వినడం మేలు, అదీ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు.

ఎంపికలు ఇవీ

| ఎంపిక | ఎంత దించుతుంది | చప్పుడు తీరు | కరెంటు |
|---|---|---|---|
| నీటి మీద ఫ్యాన్లు | పొడి వేడిలో 3–4 డిగ్రీలు, ఉక్కలో 1–2 | సన్నటి గాలి చప్పుడు | చాలా తక్కువ |
| పెల్టియర్ కూలర్ | చిన్న ట్యాంకులో 2–4 డిగ్రీలు | ఫ్యాన్ మోత, ఆగకుండా | చేసే పనికి ఎక్కువ |
| మామూలు కంప్రెసర్ చిల్లర్ | సైజు సరిగ్గా ఉంటే కావాల్సినంత | ఆగి ఆగి, మొదట్లో కుదుపు | మధ్యస్థం |
| ఇన్వర్టర్ చిల్లర్ | సైజు సరిగ్గా ఉంటే కావాల్సినంత | నెమ్మది, ఎక్కువసేపు | కొంచెం తక్కువ |
| గది ఏసీ | గదిని బట్టి | ఇంట్లో అలవాటైనదే | ఎక్కువ |

ఫ్యాన్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలా ఇళ్లకి ఇవే చాలు. లీటరు నీరు ఆవిరైతే కరెంటు లెక్కలో సుమారు 0.67 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడిని తీసుకుపోతుంది. రోజుకి రెండు లీటర్లు ఆవిరైతే రాత్రీపగలూ కలిపి సగటున 56 వాట్లు తోడినట్టు. చిన్న యంత్రం చేసే పనే. అయితే ఇది ఊరిని బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్, కర్నూలు, అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే తడి గుడ్డ 22 డిగ్రీల దాకా చల్లబడగలదు. విశాఖలో, కాకినాడలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున అదే తడి గుడ్డ 29 దగ్గరే ఆగిపోతుంది. ట్యాంకు నీళ్లు అంత కింది దాకా ఎప్పుడూ రావు. గది వేడికీ ఆ అంకెకీ మధ్యలో ఎక్కడో నిలుస్తాయి. ఎయిర్ కూలర్ హైదరాబాద్‌లో హాయిగా పనిచేసి విశాఖలో ఉక్కపోత పెంచేది కూడా ఈ లెక్కతోనే.

ఫ్యాన్లతో రెండు పనులు పెరుగుతాయి. పై మూత తీసేయాలి కాబట్టి దూకే చేపలుంటే వల లాంటి మెష్ వేయాలి. ఆవిరైన నీటి స్థానంలో రోజూ నీళ్లు పోయాలి. అవి బోరు నీళ్లయితే ఉప్పు, సున్నం ట్యాంకులోనే మిగిలిపోయి వారం వారం గాఢత పెరుగుతుంది. ఆవిరికి బదులు పోసేవి ఆర్‌ఓ నీళ్లయితేనే మంచిది. సముద్రపు ట్యాంకులో ఇది మరీ ముఖ్యం, లేకపోతే ఉప్పు శాతం పైకి పోతుంది. చప్పుడు విషయానికొస్తే చిన్న ఫ్యాన్ వేగంగా తిరగడం కంటే పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం నయం. 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు నెమ్మదిగా నడిపితే రాత్రిపూట కూడా వెతికి వింటే తప్ప తెలియవు.

పెల్టియర్ గురించి క్లుప్తంగా: కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పలక ఇది. కంప్రెసర్ ఉండదు కాబట్టి ‘సైలెంట్’ అని అమ్ముతారు. వెనక వేడి పలకని చల్లబరిచే ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరుగుతుంది. 60 వాట్ల కరెంటు తిని 20–30 వాట్ల వేడి తీస్తే గొప్పే. 25–30 లీటర్ల రొయ్యల ట్యాంకుకి పనికొస్తుంది. వంద లీటర్లకి దీన్ని పెట్టుకోవడం డబ్బు దండగ.

ఇక మామూలు కంప్రెసర్ చిల్లర్. ఫ్రిజ్‌లో ఉండే పద్ధతే: గ్యాస్, కంప్రెసర్, వెనక జాలీ, ఫ్యాన్. హైలియా, రెసన్, టెకో లాంటి పేర్లు వినే ఉంటారు. లోపల నీళ్లు తాకే గొట్టం టైటానియంతో చేసిందా అన్నది ముందు చూడాలి. రాగి అయితే రొయ్యలకీ, పగడాలకీ విషం. ఇది సాధారణంగా నీళ్లు మీరు పెట్టిన డిగ్రీ దాటాక కొంత పెరిగే దాకా ఆగి, అప్పుడు మొదలవుతుంది. ఆ తేడాని అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీకి మార్చుకునే వీలుంటే మార్చండి. మొదలయ్యే సార్లు దాదాపు సగానికి తగ్గుతాయి. చేపలకి ఆ డిగ్రీ ఊగిసలాట పెద్ద ఇబ్బంది కాదు.

ఇన్వర్టర్ చిల్లర్‌లో కంప్రెసర్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మొదట్లో ‘ధడ్’ అనే కుదుపు ఉండదు, తక్కువ వేగంలో సన్నగా నడుస్తుంది. నిద్ర తేలికైన వాళ్లకి తేడా నిజంగా తెలుస్తుంది. అయితే ఎండ ముదిరిన మధ్యాహ్నం పూర్తి వేగంలో ఇదీ మామూలు దానిలాగే మోగుతుంది. లోపల ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, వోల్టేజీ ఊగితే బోర్డు పోతుంది, ఆ బోర్డు మన ఊళ్లో దొరకాలి. చిన్న పట్టణంలో ఉంటే నేనైతే మామూలుదే కొని, మిగిలిన డబ్బుతో దాన్ని దూరంగా పెట్టడానికి పైపులు వేయించుకుంటాను.

గది ఏసీ అనగానే దుబారా అనిపిస్తుంది గానీ, ఒకే గదిలో మూడు నాలుగు ట్యాంకులున్నవాళ్లకి అదే చవక. ఒక టన్ను ఏసీ 3,500 వాట్ల వేడి తీస్తుంది. ఒక్కో ట్యాంకుకి ఒక్కో చిల్లర్ పెడితే అవన్నీ కలిసి గదినే వేడెక్కిస్తాయి. ఒక్క ట్యాంకు కోసం మాత్రం లెక్క తిరగబడుతుంది. 130 వాట్లు తినే చిల్లర్ రోజుకి పది గంటలు ఆడితే 1.3 యూనిట్లు, ఏసీ అంత తక్కువలో రాదు.

ఇవి కాక ఫ్రిజ్‌లో పైపు చుట్టి నీళ్లు తిప్పే సొంత ప్రయోగాలు కొందరు చేస్తారు. ఫ్రిజ్ ఉన్నది లోపలి వస్తువుల్ని చల్లగా ఉంచడానికి, గంటల తరబడి వంద వాట్ల వేడి తోడటానికి కాదు. ప్లాస్టిక్ పైపు లోంచి వేడి సరిగ్గా దాటదు, రాగి పైపు పెడితే పైన చెప్పిన ప్రమాదం. ఐసు బాటిల్ మాత్రం అత్యవసరానికి పనికొస్తుంది: లీటరు ఐసు పూర్తిగా కరిగితే 100 లీటర్ల నీళ్లు సుమారు ఒక డిగ్రీ దిగుతాయి. ఒకేసారి నాలుగు వేసి చేపలకి షాక్ ఇవ్వకండి.

ఎక్కడ పెడతారు?

ట్యాంకు కింద ప్లైవుడ్ స్టాండులో తలుపు వేసి పెట్టడం చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. చిల్లర్‌కి అంతకంటే చెడ్డ చోటు లేదు. నీళ్లలోంచి తీసిన వేడినీ, తాను తిన్న కరెంటునీ అది వెనక నుంచి వేడి గాలిగా వదులుతుంది. ఆ గాలి బయటికి పోక మళ్లీ దానిలోకే వస్తే అది ఎప్పటికీ ఆగదు. పైగా ప్లైవుడ్ పెట్టె మోతని పెంచి పంపిస్తుంది. స్టాండులోనే పెట్టక తప్పకపోతే వెనక పలక పూర్తిగా తీసేయండి.

మంచి చోటు వంటగది పక్క యుటిలిటీ, లేదా నీడ ఉన్న బాల్కనీ. ఏసీ పైపు కోసం గోడకి ఉన్న రంధ్రం ఖాళీగా ఉంటే చిల్లర్ పైపులు దాని గుండానే తీయొచ్చు, అద్దె ఇంట్లో కొత్తగా గోడ తొలిచే గొడవ ఉండదు. బాల్కనీకి రెండు షరతులు: పడమటి ఎండ దాని మీద పడకూడదు, వాన జల్లు తగలకూడదు. బయట 42 డిగ్రీలుంటే చిల్లర్ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి లెక్కలో ఒక సైజు పెద్దది తీసుకోండి. పైపులకి ఏసీ వాళ్లు వాడే నల్ల ఫోమ్ తొడగాలి, లేకపోతే దారిలోనే చల్లదనం పోతుంది, నీటి చుక్కలు కారుతాయి. దూరం పెరిగేకొద్దీ పంపు మీద భారం పెరుగుతుంది. ప్రతి చిల్లర్‌కీ గంటకు కనీసం ఇన్ని లీటర్లు పారాలని రాసి ఉంటుంది. కెనిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్) నుంచి వచ్చే ధారకే చిల్లర్‌ని కలిపితే, ఫిల్టర్ మూసుకుపోయే కొద్దీ ఆ పారుదల తగ్గుతుందని మర్చిపోవద్దు. కలిపేటప్పుడు ఫిల్టర్ తర్వాతే చిల్లర్ రావాలి, శుభ్రమైన నీళ్లే దానిలోకి వెళ్లాలి.

హాల్లోనే ఉంచక తప్పని వాళ్లకి: కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు, స్టాండుకి గానీ గోడకి గానీ తగలకుండా నేల మీద, చుట్టూ అడుగు ఖాళీ, చివరి రెండు అడుగులు గట్టి పైపు బదులు మెత్తటి సిలికాన్ ట్యూబు. ట్యాంకు అద్దం సన్నగా వణుకుతూ మోగుతోందంటే కంపనం ఆ పైపు గుండానే వస్తోంది. చాలా ఇళ్లలో ‘చిల్లర్ చప్పుడు’ అని తిట్టుకునేది నిజానికి దానికోసం పెట్టిన చవక పంపుది. చిల్లర్ ఆగినప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి, తెలిసిపోతుంది.

ఎవరికి ఏది

గప్పీలు, మోలీలు, బెట్టాలు ఉన్నవాళ్లు ఎయిర్ పంపు, ఫ్యాన్‌తో ఆపేయండి. లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఆరు తర్వాత వెలిగేలా టైమర్ పెడితే ఇంకాస్త దిగుతుంది.

మొక్కల ట్యాంకు, నియాన్ టెట్రాలు ఉన్నవాళ్లకి ఊరు తేలుస్తుంది. తెలంగాణ, రాయలసీమల్లో ముందు ఫ్యాన్లు వేసి ఒక ఎండాకాలం చూడండి. కోస్తాలో ఉంటే ఆ పరీక్షకి డబ్బు, ఓపిక వృథా చేయకుండా చిన్న కంప్రెసర్ చిల్లర్‌కి వెళ్లండి.

క్రిస్టల్ రొయ్యల వాళ్లది కొంచెం కష్టమైన కేసు. ట్యాంకు చిన్నది, కావాల్సిన చల్లదనం ఎక్కువ. గది 34లో 23 డిగ్రీలు నిలపడం పెల్టియర్ వల్ల కాదు. దొరికే అతి చిన్న కంప్రెసర్ కూడా 30 లీటర్లకి పెద్దదై మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. రెండు మూడు చిన్న ట్యాంకుల్ని ఒకే సంప్‌కి (ట్యాంకుల కింద పెట్టే ఫిల్టర్ తొట్టికి) కలిపి ఒక చిల్లర్‌తో నడపడమో, 60–70 లీటర్ల ఒకే ట్యాంకుకి మారడమో మేలు. నీరు ఎక్కువగా ఉంటే చిల్లర్ ఆడే విడతల మధ్య విరామమూ పెరుగుతుంది.

పగడాల ట్యాంకు ఉన్నవాళ్లు చిల్లర్ మీద బేరం ఆడకండి. ట్యాంకులో ఉన్న పగడాల విలువ దానికి చాలా రెట్లు ఉంటుంది. ఇన్వర్టర్ రకం ఖర్చుకి అర్థం ఉన్నది ఇక్కడే. చిల్లర్ పాడైన రోజు కోసం ఫ్యాన్లు కూడా స్టాండుకి బిగించి ఉంచండి.

కరెంటు కోతల గురించి టెన్షన్ పడేవాళ్లకి పాత లెక్కే ధైర్యం. గంటకు అర డిగ్రీ పెరిగే ట్యాంకు నాలుగు గంటల కోతలో రెండు డిగ్రీలే పెరుగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లర్ పెట్టకండి. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు మామూలుగా తినేదానికి చాలా రెట్లు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటారు మోగి వేడెక్కుతుంది కూడా. ఎయిర్ పంపు, ఫ్యాన్ మాత్రం ఇన్వర్టర్‌కి ఇవ్వండి. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్ మొదలవకుండా మూడు నిమిషాలు ఆపే ఏర్పాటు చిల్లర్‌లోనే ఉందో లేదో కొనేముందు అడగండి. లేకపోతే ఆ సౌకర్యం ఉన్న స్టెబిలైజర్ వేయించాలి.

కొనడం ఫిబ్రవరిలో అయితే మంచిది. రోహిణి కార్తెలో వెళ్తే షాపులో మిగిలిన సైజే మీ సైజు అంటారు. గ్యాస్ నింపే మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఇంటికి తెచ్చాక వెనక జాలీలో దుమ్ము నెలకోసారి బ్రష్‌తో దులపండి. అది మూసుకుపోతే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువసేపు ఆడుతుంది, కొన్నప్పుడు వినిపించని చప్పుడు రెండో ఎండాకాలంలో వినిపించడం మొదలవుతుంది.